కూజా మొక్క: కొమ్మతో వచ్చిన చరిత్ర

యాదగిరిగుట్ట నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్‌లో పురుగుల్ని తినే కూజా మొక్క, అదే నెపెంథిస్, ఇళ్లలోకి ఎలా వచ్చిందో చెప్తాను.

మన దేశంలో సహజంగా పెరిగే జాతి ఒక్కటే, మేఘాలయ కొండల్లోని నెపెంథిస్ ఖాసియానా. 1873లో జోసెఫ్ హుకర్ దానికి ఆ పేరు పెట్టాడు. అప్పటికే ఇంగ్లండ్‌లో వీచ్ నర్సరీ ఈ మొక్కల్ని అద్దాల ఇళ్లలో పెంచి అమ్ముతోంది. 1862లో అక్కడి జాన్ డొమినీ మొదటి సంకర మొక్కను తయారుచేశాడు. గింజ వేస్తే గుణం మారిపోతుంది. ఆ మొక్కే మళ్లీ కావాలంటే కొమ్మ నాటడం ఒక దారి.

రెండు మూడు కణుపుల ముక్క కోసి, ఆకుల్ని సగానికి కత్తిరించి, తడి నాచులో గుచ్చి మూత పెట్టాలి. మన గుట్ట ఎండలకు మూత లేకపోతే ముక్క వాడిపోతుంది.

అసలు సంగతి ఇక్కడుంది. నెపెంథిస్‌లో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. మగ కొమ్మ నాటితే మగదే వస్తుంది. వంద కుండీలు నింపినా ఒక్క గింజ రాదు. అంటే మన కుండీలు అడవికి బదులు కావు. ఖాసియానా సైటిస్ ఒప్పందం మొదటి జాబితాలో ఉన్న మొక్క. అందుకే కొనేముందు ఒక్క మాట అడగండి: ఇది నర్సరీలో నాటిన కొమ్మా, అడవిలో పీకిన మొక్కా?