నీలి పుస్తకాల సంవత్సరం: 1847

వేల్స్‌లో విద్య ఏ స్థితిలో ఉందో విచారించి బ్రిటిష్ ప్రభుత్వం 1847లో మూడు సంపుటాల నివేదిక ప్రచురించింది. ప్రభుత్వ నివేదికలకు నీలిరంగు అట్ట వేయడం ఆనాటి ఆనవాయితీ. వెల్ష్ ప్రజల జ్ఞాపకంలో ఆ సంవత్సరం ‘నీలి పుస్తకాల ద్రోహం’గా నిలిచిపోయింది. అయితే ఈ ద్రోహం ఎవరు చేశారన్న ప్రశ్నకు సాధారణంగా వినిపించే జవాబు సగమే నిజం.

అసలు విచారణ ఎందుకు? 1831లో మెర్థిర్ ఇనుప కార్మికులు తిరగబడి ఎర్రజెండా ఎత్తారు. 1839లో న్యూపోర్టుకు తరలివచ్చిన చార్టిస్టుల మీద సైనికులు కాల్పులు జరిపారు. అదే సంవత్సరం మొదలుపెట్టి నాలుగైదేళ్లపాటు పడమటి జిల్లాల రైతులు ఆడవేషాలు వేసుకుని, ‘రెబెకా’ పేరుతో సుంకపు గేట్లు విరగ్గొట్టారు. ఈ జనం మాట్లాడుకునే భాష పాలకులకు అర్థం కాదు. 1846లో పార్లమెంటులో విచారణ కోరిన విలియం విలియమ్స్ కూడా వెల్ష్‌వాడే. లండన్‌లో వర్తకం చేసి పైకి వచ్చినవాడు. సైనికులను పోషించడం కంటే బడిపంతుళ్లను పోషించడం చవక అన్నది ఆయన వాదంలో ఒకటి. ఉపాధ్యాయ వృత్తికి దక్కిన ఈ గౌరవాన్ని మనం మరిచిపోకూడదు!

కమిషనర్లుగా వెళ్లిన లింగెన్, సైమన్స్, జాన్సన్ ముగ్గురూ ఆంగ్లేయ బారిస్టర్లు. ముగ్గురికీ వెల్ష్ రాదు. జనంలో అధిక సంఖ్యాకులు ఆంగ్లికన్ చర్చికి బయట ఉన్న ప్రార్థనాలయాలకు వెళ్లేవారు. కమిషనర్లు మాత్రం ఆంగ్లికన్ మతాచార్యుల సాక్ష్యం మీదనే ఎక్కువగా ఆధారపడ్డారు. ఫలితంగా విద్యా నివేదికలోకి నీతి విచారణ చొరబడింది. వెల్ష్ స్త్రీలకు శీలం లేదన్నారు, జనం అబద్ధాలకోరులన్నారు, భాష అభివృద్ధికి అడ్డంకి అన్నారు.

అలాగని నివేదిక అంతా అబద్ధం కాదు. కూలిపోయే బళ్లు, శిక్షణ లేని పంతుళ్లు, ఒక్క ముక్క అర్థం కాకుండా ఇంగ్లీషు వాచకం గడగడ చదివే పిల్లలు — ఈ వర్ణనలు నిజాలే. మన పల్లెటూరి ఇంగ్లీషు మీడియం తరగతిని చూసినవారికి ఆ పేజీలు కొత్తగా అనిపించవు. మాతృభాషలో నడిచిన ఆదివారపు బళ్లలో పిన్నలూ పెద్దలూ చదవడం నేర్చుకుంటున్నారని కూడా కమిషనర్లు గుర్తించారు. కళ్ల ముందు రుజువు ఉంది. అయినా తప్పు బోధన పద్ధతిది కాదట, పిల్లవాడి భాషదట! 1835లో మెకాలే మన భాషలను తూచిన తక్కెడ కూడా ఇలాంటిదే.

నివేదిక మీద నిరసన వెల్లువెత్తింది. యువాన్ గ్వినెద్ అనే కలం పేరుతో రాసిన ఎవాన్ జోన్స్ అనే యువ మతాచార్యుడు అనారోగ్యంతో ఉండి కూడా కమిషనర్ల ఆరోపణలను ఒక్కొక్కటిగా ఎదుర్కొన్నాడు. 1850లో స్త్రీల కోసం వెల్ష్ పత్రిక నడిపాడు. 1852లో, ముప్ఫయి రెండేళ్లు నిండకుండానే మరణించాడు. ఆయన నిజాయితీని శంకించలేం. కానీ ఆ పత్రిక స్త్రీకి బోధించింది గృహిణీ ధర్మాలే. శీలం లేదన్నవాడికి శీలం ఉందని చూపాలన్న తాపత్రయంలో మధ్యతరగతి నాయకత్వం అతని కొలబద్దనే చేతికి తీసుకుంది. భాష విషయంలోనూ ఇదే జరిగింది. వెల్ష్ గుడికీ ఇంటికీ కవితకూ, ఇంగ్లీషు బడికీ ఉద్యోగానికీ అని పంచుకున్నారు. వెల్ష్ మాట్లాడిన పిల్లవాడి మెడలో కొయ్యముక్క వేలాడదీసే ఆచారం ప్రభుత్వ శాసనం వల్ల వచ్చిందని కొందరు నమ్ముతారు. అది సరికాదు. నివేదికకు ముందే కొన్ని బళ్లలో పంతుళ్లే దాన్ని అమలు చేశారు, అదీ చాలాచోట్ల తల్లిదండ్రుల సమ్మతితో. తిట్టు మాత్రం తిరస్కరించారు, తర్కం మిగుల్చుకున్నారు. 1870 విద్యాచట్టం కింద వచ్చిన బళ్లు ఇంగ్లీషు బళ్లే అయినప్పుడు 1847 నాటి ఆగ్రహం ఎక్కడా కనిపించలేదు.

లింగెన్ 1849లోనే విద్యాశాఖ కార్యదర్శి అయ్యాడు. పరీక్షాఫలితాన్ని బట్టి బడికి గ్రాంటు ఇచ్చే 1862 నాటి నిబంధనల వెనుక అతని హస్తం ఉంది. ఆ పద్ధతి మన మద్రాసు రాజధాని బళ్లకూ వచ్చింది.

‘ద్రోహం’ అన్న పేరు 1854లో వచ్చిన ఒక నాటకానిది. సాక్సన్లు కత్తులు దాచుకుని విందుకు వచ్చి బ్రిటన్ల పెద్దలను చంపారన్న పాత కథను అది గుర్తుచేస్తుంది. రచయిత ఆర్. జె. డెర్ఫెల్ మాంచెస్టర్‌లో బతుకు వెతుక్కున్న వెల్ష్‌వాడు. తర్వాతి కాలంలో రాబర్ట్ ఓవెన్ ఆలోచనల ప్రభావంతో సోషలిస్టుగా మారి, కార్మికుల కోసం వెల్ష్‌లోనే రాశాడు.