సలజార్ సామ్రాజ్యానికి ఒక కెప్టెన్

1966 ప్రపంచ కప్పులో పోర్చుగల్ జట్టుకు నాయకత్వం వహించిన మారియో కొలూనా పుట్టింది పోర్చుగల్‌లో కాదు. మొజాంబిక్ తీరానికి చేరువలోని ఇన్యాకా ద్వీపంలో, 1935లో. తండ్రి పోర్చుగీసు, తల్లి ఆఫ్రికన్.

ఆ నాయకత్వాన్ని క్రీడాగౌరవంగా మాత్రమే చూస్తే సగమే చూసినట్లు. 1951లో సలజార్ ప్రభుత్వం రాజ్యాంగాన్ని సవరించి, వలసలకు ‘సముద్రాంతర రాష్ట్రాలు’ అని పేరు పెట్టింది. గోవా వలస కాదు, తమ దేశంలో భాగమేనని నెహ్రూ ప్రభుత్వంతో లిస్బన్ వాదించింది ఈ ఆసరాతోనే. వలసలే లేనప్పుడు విమోచన ఎక్కడిది? ఇటువంటి తర్కానికి సాక్ష్యం కావాలి. నల్లవారూ తెల్లవారూ ఒకే ఎర్రచొక్కా తొడుక్కుని ఆడే జట్టును మించిన సాక్ష్యం ఏముంటుంది?

ఆ సాక్ష్యం దాచిన సంగతి వేరు. కొలూనా బెన్‌ఫికా క్లబ్బులో చేరిన 1954లోనే వెలువడిన ఒక శాసనం, మొజాంబిక్‌లోని నల్లజాతీయుల్లో అత్యధికులను ‘స్థానికులు’ అనే తరగతిలో ఉంచి పౌరసత్వానికి దూరం చేసింది. అంగోలాలో తిరుగుబాటు రగిలాక, 1961 సెప్టెంబరులో గాని అది రద్దు కాలేదు.

ఆ ఏడాదే మే 31న బెర్న్‌లో బార్సిలోనాను 3-2తో ఓడించి బెన్‌ఫికా యూరోపియన్ కప్పు గెలిచింది. మూడో గోలు కొలూనాది. మరుసటి మే నెలలో ఆమ్‌స్టర్‌డామ్‌లో రియల్ మాడ్రిడ్‌పై 5-3. అక్కడా ఒక గోలు ఆయనదే. ఈ రెండు కప్పుల నడుమ, డిసెంబరులో, భారత సేనలు గోవాలో ప్రవేశించాయి. 451 ఏళ్ల పాలన రెండు రోజుల్లో ముగిసింది.

అంతమాత్రాన కొలూనాను సలజార్ కీలుబొమ్మ అనడం అన్యాయం. ఫార్వర్డ్‌గా వచ్చిన ఆయనను శిక్షకుడు ఒట్టో గ్లోరియా మధ్యవరుసకు మార్చాడు. అక్కడి నుంచే ఆటనంతా నడిపాడు. మొజాంబిక్ నుంచి కుర్రవాడు యుసేబియో లిస్బన్‌లో దిగినప్పుడు, కొడుకును కనిపెట్టుకోమని తల్లి రాసిన ఉత్తరం చేరింది కొలూనాకే. ప్రపంచ ప్రఖ్యాతి వచ్చాక కూడా యుసేబియో ఆయనను ‘సెన్యోర్ కొలూనా’ అనే పిలిచేవాడు.

1966లో పోర్చుగల్ మూడో స్థానం సాధించింది. కెప్టెన్‌తో పాటు యుసేబియో, హిలారియో, విసెంటే కూడా మొజాంబిక్ బిడ్డలే. అప్పటికి ఆ గడ్డపై ఫ్రెలిమో సాయుధ పోరాటం మొదలై రెండేళ్లు కావస్తోంది.

1975లో మొజాంబిక్ స్వతంత్రమైంది. యుసేబియో పోర్చుగల్ వాడిగానే మిగిలాడు. కొలూనా స్వదేశం చేరి, అక్కడి ఫుట్‌బాల్ సమాఖ్యకు అధ్యక్షుడయ్యాడు. 2014 జనవరిలో యుసేబియో లిస్బన్‌లో మరణించాడు; ఏడు వారాలకు కొలూనా మపూటోలో కన్నుమూశాడు.