హోటల్ సభ్యత్వం: పెద్ద గది ఎప్పుడు దొరుకుతుంది?

ఉద్యోగరీత్యా ఊళ్లు తిరిగే మన పిల్లల్లో చాలామందికి మారియట్ బోన్వాయ్ సభ్యత్వం ఉంటోంది. చేరడం ఉచితం. ఏడాదిలో 25 రాత్రులు బస చేస్తే గోల్డ్, 50 అయితే ప్లాటినం. గోల్డ్‌కు కాస్త మెరుగైన గది, ప్లాటినంకు కొన్ని హోటళ్లలో సూటు కూడా అదే ధరకు ఇస్తారు. అదీ చెక్-ఇన్ వేళకు ఖాళీ ఉంటేనే. పెళ్లి ముహూర్తాల రోజుల్లో ఆశ పెట్టుకోవద్దంటాం.

ట్రావెల్ సైట్లలో తీసుకున్న గదికి ఈ సౌకర్యం సాధారణంగా వర్తించదు. కంపెనీ యాప్‌లోనో, నేరుగా హోటలుకు ఫోను చేసో తీసుకోవాలి. మూడు గదులు తీసుకున్నా, మార్పు సభ్యుడు దిగే ఒక్క గదికే. అబ్బాయి రాకుండా అమ్మానాన్నలను పంపితే అదీ లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు లిఫ్టు దగ్గరి గది కావాలంటే ముందురోజే ఫోను చేసి అడగండి. దానికి ఏ సభ్యత్వమూ అక్కర్లేదు.