షుగర్, డి.ఎం., టైప్ 2: ఆరోగ్య రికార్డులకు ఒకే భాష ఎందుకు?

ఒకే జబ్బును గుత్తిలో ఒక డాక్టర్ ‘షుగర్’ అని, అనంతపురంలో ఇంకొకరు ‘డి.ఎం.’ అని, బెంగళూరులో మరొకరు ‘టైప్ 2’ అని రాస్తే మనకు అర్థమవుతుంది. కంప్యూటర్‌కు మాత్రం అవి మూడు జబ్బులు. రికార్డుల ప్రామాణీకరణ అంటే మూడింటికీ ఒకే కోడ్ ఇవ్వడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-10 పట్టికలో టైప్ 2 షుగర్‌కు ఇ11. ల్యాబ్ పరీక్షలకు లాయింక్ ఉంది. కేంద్రం 2013లో రికార్డుల ప్రమాణాలు ప్రకటించి, 2016లో సవరించింది.

కొలతలూ కలవాలి. పరగడుపు షుగర్ డెసీలీటరుకు 126 మిల్లీగ్రాములన్నా, లీటరుకు 7 మిల్లీమోల్ అన్నా ఒకటే. యూనిట్ రాయకుండా రెండూ ఒకే వరుసలో పోస్తే పరిశోధన లెక్క గంగపాలే.

అసలు తలనొప్పి పేర్లతో. ఉర్దూ పేరు తెలుగులోకి, అక్కణ్నుంచి ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఒకే మనిషి షేక్, షేఖ్, ఎస్.కె. అవుతాడు. మనవాళ్లకు ఇది కొత్తేం కాదు, రేషన్ కార్డులో ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి! ఆస్పత్రిలో ఇద్దరిగా నమోదైతే పాత మందులు, అలర్జీలు కొత్త డాక్టర్‌కు కనపడవు. కరువుకు బెంగళూరు వలసపోయే కూలీకి ఈ కష్టం మరీ ఎక్కువ. 2021 సెప్టెంబర్ 27న దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 14 అంకెల ఆభా నంబర్ ఇస్తున్నది ఇందుకే. అది తప్పనిసరి కాదు. దాని ద్వారా రికార్డు పంచుకోవాలన్నా మీ సమ్మతి ఉండాలి.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. కానీ బిల్లు కోసం రాసే కోడ్ ఏ ఆపరేషనో చెబుతుంది, ఆ తర్వాత రోగి ఎలా ఉన్నాడో చెప్పదు. బత్తలపల్లి ఆర్డీటీ ఆస్పత్రి రోగుల వివరాలతో నడిచిన విన్సెంట్ ఫెర్రర్ హెచ్‌ఐవీ కోహార్ట్ అధ్యయనం ఏళ్ల తరబడి అదే రోగులను గమనించింది. పరిశోధనకు కావలసింది అలాంటి రికార్డు.