యక్షులేలిన ద్వీపము

క్రీ.శ. 5వ శతాబ్ది ఆరంభమున బౌద్ధగ్రంథ సేకరణకై చైనా నుండి భారతదేశమునకు వచ్చిన ఫాహియాను, తామ్రలిప్తి రేవున ఓడనెక్కి సింహళద్వీపము చేరి, అచట రెండేండ్లు వసించెను. అతని యాత్రావృత్తాంతమున ఒక వింత కథ కలదు. పూర్వము ఆ దీవిలో మనుష్యులు లేరట. యక్షులును నాగులును మాత్రమే ఉండిరట. నానాదేశముల వర్తకులు అచటికి సరకులు కొనుటకు వచ్చుచుండిరి. బేరము జరుగు వేళ యక్షులు కంటికి కనబడరు. తమ వస్తువులను పేర్చి, ఒక్కొక్క దానికి వెల సూచించి తొలగిపోవుదురు. వర్తకులు ఆ వెలనుంచి వస్తువును గొనిపోవుదురు. వచ్చిపోవు వర్తకుల వలన ఆ దేశపు రమ్యత నలుదెసల తెలిసి, జనము వచ్చి చేరి, అది పెద్ద రాజ్యమైనది. ఇంత నమ్మకముగా జరిగిన వ్యాపారము మనుష్యులు కాపురము వచ్చిన పిదప అచట జరిగినట్లు తోచదు.

ఈ కథ ఉత్త కల్పనయని తోసివేయుటకు వీలులేదు. కండీ రాజ్యమున సుమారు ఇరువదేండ్లు బందీగానుండి తప్పించుకొనిపోయిన రాబర్టు నాక్సు అను ఆంగ్లేయుడు 1681లో ప్రకటించిన గ్రంథమున, వెద్దాలను అడవిజాతివారి అలవాటొకటి వర్ణించెను. వారు రాత్రివేళ కమ్మరి కొట్టుకు వచ్చి, మాంసమును వ్రేలగట్టి, తమకు కావలసిన బాణపు ములికి ఆకారమున ఆకును కత్తిరించి, దాని ప్రక్కనుంచి పోవుదురట. కమ్మరి ఆ మచ్చు ప్రకారము ములుకులు చేసి యుంచినచో, మరల మాంసము తెత్తురట. ఫాహియాను విన్న కనబడని యక్షులకును, నాక్సు ఎరిగిన కనబడని వేటకాండ్రకును నడుమ దూరము మిక్కిలి లేదు.

తెలుగున లంకయనగా ఏటినడుమ దిబ్బ. గోదావరీ కృష్ణా పాయల నడుమనున్న లంకగ్రామములు తెలుగువారందరును ఎరిగినవే. రావణుని లంక సముద్రమున లేదనియు, అది మధ్యభారతముననే యుండెననియు వాదించిన పండితులు కలరు. పురాతత్త్వవేత్త సంకాలియా వారిలోనొకరు. ఆ వివాదముతో ఇచట పనిలేదు. ఇచట ప్రసక్తమైనది పాలీభాషలో మహానామ స్థవిరుడు 5వ శతాబ్ది చివరనో 6వ శతాబ్ది ఆదినో రచించెనని చెప్పబడు మహావంశపు లంక. ఒక దీవి చరిత్రను యక్షులతో నాగులతో ఆరంభించి, రాజులతో యుద్ధములతో నడిపిన ఆ గ్రంథమును చదివినవారు దానిని ఒక్కొక్కరొక్క విధముగ వాడుకొనిరి.

మహావంశము ప్రకారము బుద్ధుడు మూడుమారులు లంకకు వచ్చెను. మొదటిమారు మహియంగణమున గుమిగూడిన యక్షులను భయపెట్టి గిరిద్వీపమను వేరొక దీవికి పంపివైచెను. రెండవమారు, ఒక మణిపీఠమునకై కలహించుచున్న మహోదరుడు, చూలోదరుడు అను మేనమామ మేనల్లుండ్రైన నాగరాజులకు సంధి చేసెను. మూడవమారు కల్యాణికి ఆతిథ్యమునకు వచ్చెను. యక్షులకు వెడలగొట్టుట, నాగులకు ధర్మోపదేశము! తొలి అధ్యాయముననే జాతుల తరతమ నిర్ణయము జరిగిపోయినది.

ఐనను కథ ముందుకు సాగినకొలది ఆ నిర్ణయము సడలుచు వచ్చును. సింహపురపు సింహబాహువు తన కుమారుడైన విజయుని దౌష్ట్యము సహింపక, ఏడువందల అనుచరులతో ఓడనెక్కించి తరిమివైచెను. బుద్ధుడు నిర్యాణమొందిన దినముననే వారు తామ్రపర్ణి తీరమున దిగిరి. అచట ఒక చెట్టు మొదట కువేణి అను యక్షిణి నూలు వడకుచుండెను. ఆమె అనుచరులను ఒక్కొక్కరినే పట్టి గుంటలో వైచెను. విజయుడు ఉచ్చు వైచి ఆమెను లోబరుచుకొనెను. ప్రాణభయమున ఆమె వారికి బియ్యము మున్నగు భోజనసామగ్రి చూపెను. అది ఎచటిదనగా, తాను భక్షించిన వర్తకుల ఓడలలోనిది! ఫాహియాను విన్న నిజాయితీ వ్యాపారమునకు ఇది రెండవ పార్శ్వము. శిరీషవస్తువను యక్షనగరమున పెండ్లి జరుగు తరుణమున తన వారినందరను చంపుటకు ఉపాయము చెప్పినదియు కువేణియే. విజయునివలన ఆమెకు ఒక కొడుకును ఒక కూతురును కలిగిరి.

పిదప విజయునకు రాజ్యాభిషేకము కావలసివచ్చెను. అభిషేకమునకు క్షత్రియ కన్య కావలసివచ్చెను. దక్షిణ మధుర నుండి పాండ్య రాజపుత్రికయు, అనుచరులకు కన్యలును, పదునెనిమిది శ్రేణుల శిల్పుల కుటుంబములు వేయియు వచ్చెను. కువేణి వెడలగొట్టబడి, తాను ద్రోహము చేసిన యక్షుల చేతనే హతురాలయ్యెను. బిడ్డలు మలయమను కొండసీమకు పారిపోయిరి. వారి సంతతియే పులిందులని గ్రంథము చెప్పును. సింహళులకు గర్వకారణమైన ఆ గ్రంథముననే వారి తొలి తల్లులు పాండ్యదేశపు ఆడుబిడ్డలని వ్రాసియుండుట గమనింపదగినది. కువేణి యెడ గ్రంథకర్త కొంచెము దయ చూపెనా యనిన సందేహమే. చదువరులు మాత్రము చూపక మానరు.

కొంతకాలమునకు పాండుకాభయుడను రాజు యక్షుల సాయముననే రాజ్యము సంపాదించి, అనురాధపురమున కాలవేలుడు, చిత్రరాజు అను యక్షులకు స్థానములు కల్పించి, ఉత్సవదినములందు చిత్రరాజుతో సమానమైన ఎత్తుగల ఆసనముపై కూర్చుండెనట. మునుపు గెంటివేయబడిన జాతి ఇచట సింహాసనము ప్రక్కకు వచ్చినది. తవ్వకములు చెప్పునదియు దీనికి దూరము కాదు. అనురాధపురమున ఇనుము వాడిన జనులు విజయుని కథాకాలమునకు శతాబ్దుల పూర్వమే నివసించిరి. పొంపరిప్పు వద్ద దొరకిన సమాధికుండలు తమిళదేశపు ఆదిచ్చనల్లూరు కుండలను పోలియున్నవి.

మహావంశమునకు గుండెకాయ దుష్టగామణి కథ. ముప్పదియేడు అధ్యాయములలో పదునొకండు ఆతనికే చెల్లినవి. దానికి ముందుదైన దీపవంశము ఆతనిని కొలది శ్లోకములతో సరిపెట్టెను. చోళదేశము నుండి వచ్చిన ఏలారుడు నలువదినాలుగేండ్లు అనురాధపురమున రాజ్యము చేసెను. తన కుమారుని రథము క్రిందబడి దూడ చచ్చినందుకు కొడుకునకే మరణదండన విధించెనని, శత్రువైన ఆ రాజు న్యాయమును గ్రంథము కొనియాడును. దుష్టగామణి అతనిని ద్వంద్వయుద్ధమున కూల్చి, కూలినచోటనే దహనము చేయించి, చైత్యము నెత్తి, పూజ నియమించెను. రాజులు ఆ తావున వాద్యములు మాన్పించి పోవుట ఆచారమయ్యెను. దుష్టగామణి పదిమంది మహాయోధులలో మొదటివాడైన నందిమిత్రుడు ఏలారుని సేనాపతికి మేనల్లుడు! ఇది రెండు జాతుల పోరాటమైనచో బంధుత్వము ఎచటినుండి వచ్చినది?

అదే గ్రంథమున మరియొక ఘట్టము కలదు. ఇంతమందిని చంపితినని రాజు దుఃఖింపగా, అర్హతులైన భిక్షువులు వచ్చి, అతడు చంపినది ఒకటిన్నర మనుష్యులనే యనిరి. త్రిశరణములు పొందినవాడొకడు, పంచశీలములును స్వీకరించినవాడొకడు, తక్కినవారు పశుసమానులు. అహింసను బోధించిన మతగ్రంథమున ఇట్టి లెక్క కనబడుట విచారకరము. దీనికి కారణము గ్రంథకర్త కాలముననే వెదకవలెను. 5వ శతాబ్ది నడుమ సుమారు పాతికేండ్లు ద్రవిడరాజులు ఆర్గురు అనురాధపురము నేలిరి. ధాతుసేనుడు వారిని వెడలగొట్టెను. ఆ గాయము మానకమునుపే మహావంశము పుట్టినది. ఆరువందల ఏండ్ల నాటి యుద్ధమునకు గ్రంథకర్త తన నాటి కోపమును పూసెను.

ఆంధ్రదేశమునకు ఈ దీవితో సంబంధము కత్తి వలన వచ్చినది కాదు. నాగార్జునకొండ యందు 3వ శతాబ్దిలో ఇక్ష్వాకు వీరపురుషదత్తుని కాలపు శాసనము, బోధిసిరి అను ఉపాసిక తామ్రపర్ణి స్థవిరులకై కట్టించిన చైత్యగృహమును, సింహళవిహారమును పేర్కొనుచున్నది. పదునైదు శతాబ్దుల పిదప, 1739లో, తెలుగు మూలముగల మధుర నాయకుల బంధువర్గము కండీ సింహాసనమెక్కెను. వారిలో కీర్తిశ్రీ రాజసింహుడు (1747–1782) 1753లో శ్యామదేశము నుండి భిక్షువులను రప్పించి, ఆగిపోయిన ఉపసంపదను పునరుద్ధరించెను. మహావంశపు తరువాయి భాగము ఆతని కాలముననే తిబ్బటువావే స్థవిరునిచే పెంపబడెను. ద్రవిడులను పశువులతో పోల్చిన గ్రంథమునకు తరువాయి, దక్షిణదేశము నుండి వచ్చిన రాజవంశపు నీడలో సాగెను. ఆ వంశపు కడపటి రాజు శ్రీవిక్రమ రాజసింహుడు కండీ చెరువు త్రవ్వించెను. 1815 మార్చి 2వ తేది ఒడంబడికలో ఇంగ్లీషువారును కండీ ప్రధానులును ఆ రాజు వంశమును మలబారు జాతియని పేర్కొని, దాని యధికారమును రద్దుచేసిరి. వేలూరు బందిఖానాలో అతడు 1832లో మరణించెను.

1837లో టర్నరు దొర మహావంశమును ఇంగ్లీషున అనువదించి అచ్చొత్తించుటతో ఆ గ్రంథము భిక్షువుల తాళపత్రముల నుండి పాఠశాలల బల్లలపైకి వచ్చినది. అశోకుని శాసనములలోని ప్రియదర్శి యెవరో తేల్చుటకు సింహళవంశకథలే తోడ్పడినవి. ఆ మేలు మరువరానిది. కాని అదే శతాబ్దిలో భాషాశాస్త్రము సింహళమును ఆర్యభాషలలోను, తమిళమును ద్రావిడ భాషలలోను చేర్చగా, రాజుల కలహములు జాతుల కలహములుగ చదువబడజొచ్చెను. 1956లో సింహళమొక్కటియే అధికారభాషయని చట్టమైనది. 1958లోను 1983లోను రక్తము పారినది. 2009 మే నెలలో యుద్ధము ముగియునప్పటికి చచ్చినవారిని ఏ అర్హతుడును ఒకటిన్నరయని లెక్కింపజాలడు.

అనురాధపురమున ఏలారుని సమాధియని జనులు చెప్పుకొను దిబ్బ యొకటి యుండెను. 1818లో ఇంగ్లీషువారిపై తిరుగుబాటు విఫలమై పారిపోవుచున్న కండీ ప్రధాని పిలిమతలావే, ఆ దిబ్బను సమీపించినంతనే పల్లకి దిగి, అది దాటినదని రూఢియగువరకు నడచెనని ఫోర్బ్సు అను ఆంగ్ల సైనికోద్యోగి వ్రాసెను. ప్రాణములు అరచేతబట్టుకొని పోవుచున్న సింహళ ప్రభువు రెండువేల ఏండ్లనాటి చోళరాజునకు ఆ మర్యాద తప్పలేదు. 20వ శతాబ్దిలో పురాతత్త్వజ్ఞులు ఆ దిబ్బ ఏలారుని సమాధి కాదనియు, దక్షిణస్తూపమనియు నిర్ణయించిరి. అందు దొరకిన బూడిద దుష్టగామణిదే యని తరువాత కొందరు వాదించిరి.