పనిచోట రహస్యం ఎవరి అవసరం?

స్వలింగ ప్రేమికుల ప్రశ్న వచ్చేసరికి అభ్యుదయవాదుల నోట కూడా ఒక మాట వినిపిస్తూ ఉంటుంది: “అది వాళ్ల సొంత విషయం, ఆఫీసులో, ఫ్యాక్టరీలో చెప్పుకోవలసిన పనేముంది?” పైకి ఎంతో ఉదారంగా కనిపించే మాట. కాని పెళ్లయిన గుమాస్తా ప్రావిడెంట్ ఫండ్ కాగితం మీద భార్య పేరు రాస్తాడు. బల్ల మీద పిల్లల ఫోటో పెట్టుకుంటాడు. మామగారు పోయారని సెలవు అడుగుతాడు. సొంత విషయాన్ని బజారుకెక్కించాడని అతన్ని ఎవరూ అనరు. ఒకరికి సహజమైనది మరొకరికి దాచుకోవలసినది ఎట్లా అయింది? ఈ దాపరికం ఎవరికి ఉపయోగపడింది? అమెరికా చరిత్రలో దీనికి జవాబు చాలా స్పష్టంగా దొరుకుతుంది. అక్కడ దాన్ని ప్రభుత్వమే కాగితాల మీద రాసిపెట్టింది కనుక.

కథ ప్రభుత్వ కార్యాలయంలో కాదు, ఓడల్లో మొదలవుతుంది. అమెరికా పశ్చిమ తీరపు ప్రయాణికుల ఓడల్లో వంటవాళ్లకూ, వడ్డించేవాళ్లకూ, పడకలు సర్దేవాళ్లకూ మెరైన్ కుక్స్ అండ్ స్టివార్డ్స్ అనే యూనియన్ ఉండేది. 1901లో పుట్టినప్పుడు చైనా, జపాన్ కార్మికులను ఓడల మీదికి రానీయకపోవడమే దాని లక్ష్యాల్లో ముఖ్యమైనది. అంటే పుట్టుకతోనే జాతి విద్వేషం అంటుకున్న సంఘం. దాన్ని మార్చింది 1934 సమ్మె. పసిఫిక్ తీరపు రేవులన్నీ స్తంభించిపోయిన ఆ సమ్మె తర్వాత ఓడ కార్మికులు సాధించుకున్న వాటిలో అతి ముఖ్యమైనది హైరింగ్ హాలు. అంతకుముందు పని ఎవరికివ్వాలన్నది కంపెనీ మనిషి ఇష్టం. లంచం ఇచ్చినవాడికి, వంగి దండం పెట్టినవాడికి, చర్మం తెల్లగా ఉన్నవాడికి పని దొరికేది. హాలు యూనియన్ చేతికి వచ్చాక పేరు పలకపైకి ఎక్కుతుంది, వంతు రాగానే ఓడ దొరుకుతుంది. మనిషి వాలకం చూసి వెనక్కి నెట్టే అధికారం పైవాడికి పోయింది.

వడ్డనా, పడకలు సర్దడమూ ఆడపని అని మిగతా నావికులు ఎగతాళి చేసిన శాఖ ఇది. స్వలింగ ప్రేమికులు ఇందులో పెద్ద సంఖ్యలో ఉండేవారు. 1930లు, 40లలో ఊళ్లోని ఏ దుకాణంలోనైనా బయటపడితే అదే రోజు ఉద్యోగం ఊడే కాలంలో, ఈ ఓడల్లో వాళ్లు తోటి కార్మికుల ముందు తామెవరో దాచుకోకుండా పనిచేశారు. యూనియన్ పదవులకు కూడా ఎన్నికయ్యారు. నల్లజాతి కార్మికులతో, కమ్యూనిస్టులతో కలిసి సమ్మెల్లో నిలబడ్డారు. అక్కడంతా స్వర్గమని చెప్పడం లేదు. ఓడలో వెక్కిరింతలు ఎప్పుడూ ఉంటాయి. అయితే ఎర్రవాడని ఒకణ్ణీ, నల్లవాడని ఒకణ్ణీ, ‘తేడా మనిషి’ అని మరొకణ్ణీ విడదీసే ఆయుధం ఒక్కటేనని ఆ యూనియన్ గ్రహించింది. ఈ చరిత్రను వృద్ధులైన నావికులతో మాట్లాడి సేకరించిన అలన్ బెరుబే పుస్తకం పూర్తి చేయకుండానే 2007లో మరణించాడు. కార్మికోద్యమ చరిత్రలు రాసేవాళ్లు ఆ పని ముందే ఎందుకు చేయలేదన్నది వేరే ప్రశ్న.

చట్టం ఏ రక్షణా ఇవ్వని కాలంలో ఈ బాహాటత్వం సాధ్యమయిందని గమనించాలి. దాని వెనక ఉన్నది సంఘటిత బలం. ఆ బలాన్ని విరగ్గొట్టిన తీరు కూడా గమనించాలి. 1950లో కార్మిక సంఘాల సమాఖ్య సీఐఓ కమ్యూనిస్టు ముద్ర వేసి ఈ యూనియన్‌ను బహిష్కరించింది. కొరియా యుద్ధం మొదలయిన ఆ ఏడాదే దేశభద్రత పేరుతో తీరరక్షక దళం నావికులను జల్లెడ పట్టసాగింది. అనుమానితుడికి పాసు లేదు, పాసు లేనివాడికి ఓడ లేదు. 1950ల మధ్యకు వచ్చేసరికి యూనియన్ నేలమట్టమైంది.

అదే 1950 ఫిబ్రవరిలో విదేశాంగ శాఖ నుంచి 91 మంది స్వలింగ ప్రేమికులను తొలగించామని ఆ శాఖ అధికారి జాన్ ప్యూరిఫాయ్ సెనేట్ సంఘం ముందు చెప్పాడు. డిసెంబరులో మరో సెనేట్ ఉపసంఘం నివేదిక ఇచ్చింది. దాని తర్కం ఇది: వీళ్లకు ఒక రహస్యం ఉంటుంది, శత్రువు దాన్ని బయటపెడతానని బెదిరించి ప్రభుత్వ రహస్యాలు లాగుతాడు, కనుక వీళ్లు ఉద్యోగానికి తగరు. ఉదాహరణ చూపమంటే అమెరికాలో ఒక్కటీ దొరకలేదు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందటి ఆస్ట్రియా సైన్యాధికారి రెడ్ల్ కథను తవ్వి తెచ్చారు. 1953 ఏప్రిల్‌లో ఐసెన్‌హోవర్ 10450 నంబరు ఉత్తర్వుతో దీన్ని కేంద్ర ప్రభుత్వ శాఖలన్నిటికీ వర్తించే ఉద్యోగ నియమంగా మార్చాడు. వేలమంది ఉద్యోగాలు పోయాయి. బయటపడితే ఉద్యోగం తీసేసేది ప్రభుత్వం. ఆ భయంతో మనిషి దాచుకుంటే, దాచుకున్నాడు కనుక నమ్మదగినవాడు కాడని మళ్లీ తీసేసేదీ ప్రభుత్వమే.

మనవాళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. 1950 నవంబరులో లాస్ ఏంజిలిస్‌లో స్వలింగ ప్రేమికుల హక్కుల కోసం మాటషీన్ సొసైటీని మొదలుపెట్టిన హారీ హే చాలా ఏళ్లుగా కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. పార్టీ నియమం అటువంటివాళ్లను ఒప్పుకోదు కనుక తన్ను తొలగించమని 1951లో తానే కోరాడు. పార్టీ అతన్ని ప్రజల మిత్రుడని గౌరవించింది. కాని భద్రతకు ప్రమాదమని పంపివేసింది. సెనేట్ వాడిన మాటే! 1953లో అతడు స్థాపించిన సొసైటీలోనే ఎర్రవాళ్లంటే భయం పట్టుకుని, స్థాపకులందరూ తప్పుకోవలసి వచ్చింది.

ఈ వలయాన్ని తర్కంతోనే తెంచినవాడు ఫ్రాంక్ కామెనీ. రెండో ప్రపంచ యుద్ధంలో యూరప్‌లో పోరాడినవాడు, హార్వర్డ్‌లో ఖగోళశాస్త్రంలో డాక్టరేటు తీసుకున్నవాడు. 1957 చివర సైన్యపు పటాల విభాగం అతన్ని తొలగించింది. రష్యా స్పుత్నిక్ ఎగరేసి మూడు నెలలు కాలేదు, ఖగోళ శాస్త్రజ్ఞుల కోసం అమెరికా వెతుక్కుంటున్న రోజులవి! ప్రభుత్వ ఉద్యోగాలన్నిటి నుంచీ నిషేధం పడ్డాక అతడు చాలాకాలం అర్ధాకలితో బతికాడు. సుప్రీంకోర్టుకు పిటిషన్ తానే రాసుకున్నాడు. 1961లో కోర్టు దాన్ని వినడానికి నిరాకరించింది. కామెనీ వాదన సూటిది: నేను అందరికీ చెప్పేశాను, ఇక నన్ను ఏమని బెదిరిస్తారు? బెదిరింపు మీరు వేసే శిక్షలో ఉంది, నాలో లేదు. 1965 ఏప్రిల్‌లో పదిమంది మనుషులు అధ్యక్ష భవనం ముందు ప్లకార్డులు పట్టుకున్నారు, జూన్‌లో సివిల్ సర్వీస్ కమిషన్ ముందు నిలబడ్డారు. మగవాళ్లు సూటూ టైతో, స్త్రీలు గౌన్లతో రావాలని కామెనీ పట్టుబట్టాడు. ఉద్యోగం అడగడానికి వచ్చాం, ఉద్యోగుల్లా కనిపించాలి అని. ఈ నియమం తర్వాతి తరానికి నచ్చలేదు. నచ్చకపోవడంలో న్యాయముంది, ఓడల మీది స్టివార్డులు సూటు వేసుకునే హక్కు కోసం పోరాడలేదు. ఏమయినా 1975లో కమిషన్ నిషేధాన్ని ఎత్తివేసింది. 2009లో ప్రభుత్వం కామెనీకి క్షమాపణ చెప్పింది. అప్పటికి అతనికి 84 ఏళ్లు.

మన నేల మీద ఇదే అధికారం తలకిందులుగా పనిచేసింది. నిజాం కాలంలో, 1329 ఫసలీలో, అంటే 1919లో, హైదరాబాదులో ఒక చట్టం వచ్చింది. హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి. రిజిస్టరులో ఉన్నవాళ్లు ఆడబట్టలు కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనిపించినా, ఆడినా పాడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ల దాకా జైలు వేయవచ్చు. వాళ్ల కూటికి ఆధారమే ఆటపాట. అక్కడ దాచుకోవడం నేరమైతే ఇక్కడ కనబడటమే నేరం. రెండుచోట్లా జాబితా సర్కారు చేతిలోనే. నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, చట్టం పేరు కూడా కాలానుగుణంగా తెలంగాణ చట్టమైంది. దాన్ని రాజ్యాంగ విరుద్ధమని హైకోర్టు కొట్టివేసింది 2023 జులైలో. ఈ నూరేళ్లలో మన సినిమాలు హిజ్రాను నవ్వు కోసం తెచ్చి పంపేశాయి. ఆఫీసు కథలు ఇన్ని రాసుకున్నాం, ఆ ఆఫీసులో ఆమె కూర్చునే కుర్చీ ఎక్కడ?

సాహిత్య విద్యార్థులు గుర్తుంచుకోవలసిన పేరు ఒకటుంది. రామచంద్ర సిరాస్ మరాఠీ కవి, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో మరాఠీ బోధించే ప్రొఫెసరు. ఆయన ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు, క్వార్టరు తలుపు మూసుకుని బతికాడు. 2010 ఫిబ్రవరి 8 రాత్రి కెమెరాతో కొందరు ఇంట్లోకి చొరబడ్డారు. విశ్వవిద్యాలయం ఆయనను సస్పెండ్ చేసింది, క్వార్టరు ఖాళీ చేయించింది. రిటైర్మెంటుకు ఇంకా కొన్ని నెలలే ఉంది. ఏప్రిల్ 1న అలహాబాద్ హైకోర్టు సస్పెన్షన్‌ను నిలిపివేసింది. వారం తిరగకుండా, ఏప్రిల్ 7న, అద్దె ఇంట్లో ఆయన శవం దొరికింది.