అచ్చుల సంరక్షణ: టైపు పోత నుండి ఇంజెక్షన్ మోల్డింగ్ వరకు – నెల్లూరు తీర నేపథ్యం

వ్యాస సంగ్రహం: ‘అచ్చు’ అనే మాటకు తెలుగులో మూస, ముద్రణ అనే అర్థాలు రెండూ ఉన్నాయి. సీసపు అక్షరాలను పోసిన టైపు మూసకూ, నేటి ఇంజెక్షన్ మోల్డుకూ గల సాంకేతిక సంబంధాన్నీ, వాటి సంరక్షణలోని సామ్యాన్నీ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: అచ్చు, మూస, టైపు పోత, మోల్డు, టూల్ రూం, నెల్లూరు.

1. ఉపోద్ఘాతం:
మూసలో చేరిన మలినం, పడిన గీత దాని నుండి వెలువడే ప్రతి వస్తువు మీదా కనిపిస్తాయి. కాబట్టి మూసను శుభ్రపరచడం ఉత్పత్తిలో అంతర్భాగమే. అయితే ఆవిష్కర్తలకు చరిత్రలో దక్కిన స్థానం ఈ పనివారికి దక్కలేదు.

2. టైపు పోత:
ఉక్కు పంచ్‌తో రాగి మీద అక్షరాన్ని గుద్ది మాతృకను తయారుచేసేవారు. దానిని మూసకు అమర్చి సీసం, యాంటిమొనీ, తగరం కలిసిన లోహాన్ని కరిగించి పోసేవారు. 1838లో అమెరికాలో డేవిడ్ బ్రూస్ పేటెంటు పొందిన యంత్రం ఆ లోహాన్ని పంపుతో మూసలోకి నెట్టింది. 1872లో హయత్ సోదరులు సెల్యులాయిడ్ కోసం రూపొందించిన యంత్రంలోనూ మెత్తబడిన పదార్థాన్ని వత్తిడితో పంపడమే సూత్రం.

నెల్లూరులో పూండ్ల రామకృష్ణయ్య 1885లో ప్రారంభించిన ‘అముద్రిత గ్రంథ చింతామణి’ తాళపత్రాలకే పరిమితమైన కావ్యాలను పాఠకులకు అందించింది. టైపు ముద్రణలో పాఠశుద్ధి పరిష్కర్త పాండిత్యం మీదనే కాక అక్షరాల స్థితి మీద కూడా ఆధారపడుతుంది. ద–ధ, ప–ఫల మధ్య భేదం ఒక చిన్న గీత మాత్రమే. సందుల్లో సిరా పేరుకున్నా, టైపు అరిగినా ఆ భేదం చెదిరిపోతుంది. కిరసనాయిలుతో, బ్రష్షుతో టైపును కడిగిన కార్మికుని శ్రమ కూడా పాఠ పరిరక్షణలో భాగమే.

3. ఇంజెక్షన్ మోల్డు సంరక్షణ:
1968లో మద్రాసులో ప్లాస్టిక్స్ ఇంజనీరింగ్ సంస్థ (సిపెట్), హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఏర్పడ్డాయి. వీటితో ఈ విద్యకు శాస్త్రీయ శిక్షణ సమకూరింది.

మోల్డులో గాలి బయటకు పోయే వెంట్ల లోతు మిల్లీమీటరులో కొన్ని వందల వంతులు మాత్రమే. అవి పూడుకుపోతే లోపల చిక్కిన గాలి వేడెక్కి వస్తువుపై మాడిన మచ్చలు పడతాయి. శుభ్రపరచడానికి ఉక్కు పరికరాలు వాడితే మోల్డు గీసుకుపోతుంది. అందుకే ఇత్తడి వంటి మెత్తని లోహపు పరికరాలు వాడతారు. పీ.వీ.సీ. అధిక వేడికి విడుదల చేసే ఆమ్ల వాయువు ఉక్కును తినివేస్తుంది.

సముద్రతీరంలో ఉప్పు కలిసిన తేమగాలి తుప్పును వేగవంతం చేస్తుంది. మోల్డును దింపేటప్పుడు చల్లబరచే కాలువల్లోని నీటిని గాలితో పూర్తిగా వెళ్లగొట్టి, లోపలి తలాలకు తుప్పు నిరోధక ద్రవం పూయాలి. కఠిన జలం వాడితే కాలువల్లో సున్నపు పొర పేరుకుంటుంది. దానివల్ల వస్తువు చల్లబడే సమయం పెరిగి, ఉత్పత్తి తగ్గుతుంది.

4. ముగింపు:
ఆఫ్‌సెట్ ముద్రణ రాకతో సీసపు టైపు మరుగునపడింది. దానితోపాటు కంపోజిటర్ల అనుభవజ్ఞానం, వృత్తిపదాలు కూడా చాలావరకు కనుమరుగయ్యాయి. టూల్ రూం కార్మికుల విషయంలో ఆ నష్టం పునరావృతం కాకూడదు. వారి వాడుక పదాలనూ పనితీరునూ సేకరించడం వృత్తిపదకోశాల నిర్మాణానికే కాక, శ్రామిక చరిత్ర రచనకూ అవసరం.